గాలితో చల్లబడే ఇంజనుకు రంగు: హీటెక్కకుండా ఎలా వేయాలి

"ఇంజనుకు రంగేస్తే హీటెక్కి పట్టేస్తుందంట కదన్నా?" పాత బుల్లెట్ మా షెడ్డుకు తెచ్చినవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది ఇదే. ఆ భయం ఉత్తది కాదు. లప్పం పెట్టి, రెడాక్సైడ్ కొట్టి, పైన మామూలు ఎనామిల్ బ్రష్షుతో పూసేసిన బ్లాకులు, అంటే లోపల పిస్టన్ ఆడే సిలిండర్లు, నేను చాలానే గోకాను. వేడి పోవడానికి బ్లాకు చుట్టూ ఉండే రెక్కలే ఫిన్లు, వాటి మధ్య సందు అడుగున రంగు గడ్డకట్టి ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో గీస్తే చెక్కులు చెక్కులుగా ఊడొస్తుంది. అలాంటి బండి హీటెక్కక ఏం చేస్తుంది? అదే బ్లాకుకు వేడికి తట్టుకునే రంగు పలుచగా వేస్తే మాత్రం ఇంజన్ వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఇక్కడ పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఉదాహరణగా చెప్తాను, నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లింది అదే కాబట్టి. గాలితో చల్లబడే మిగతా బండ్లకూ పద్ధతి ఇదే.

అసలు రంగెందుకు, అలాగే వదిలేయొచ్చు కదా అని కూడా అడుగుతారు. మాది బందరు. సముద్రపు గాలి, ఉప్పు తేమ. ఈ బుల్లెట్ హెడ్, అంటే బ్లాకు పైన మూతలా కూర్చునే భాగం, అల్యూమినియమే గానీ బ్లాక్ మాత్రం పోత ఇనుము. రంగు లేని పోత ఇనుము ఇక్కడ ఒక్క వానాకాలం చాలు, తుప్పు పొరలు లేస్తుంది. ఆ తుప్పు పొర కూడా వేడికి అడ్డమే, పైగా ఏటేటా ఫిన్నును తినేస్తుంది. కాబట్టి ఇనుప బ్లాకుకు రంగు కావాల్సిందే. అల్యూమినియం హెడ్ సంగతి వేరు. దానికి తెల్లటి పొడి పడుతుందే తప్ప ఇనుములాగా పొరలు లేవదు. అందం కోసం వేయాలనుకుంటే వేయండి, లేకపోయినా నష్టం లేదు. తర్వాత వచ్చిన యూనిట్ ఇంజన్ (ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే పెట్టెలో ఉండేది) బుల్లెట్లలో బ్లాక్ కూడా అల్యూమినియమే కాబట్టి వాటికీ అంతే.

వేడి ఎటు పోతుంది

రంగు ఎంత మందం ఉండొచ్చో తేల్చాలంటే ముందు ఈ సంగతి తెలియాలి. లోపల పుట్టిన వేడి లోహం గుండా ఫిన్ల దాకా వస్తుంది. అక్కడినుంచి ఎక్కువ భాగం తగిలే గాలితో పోతుంది, కొంత సెగ రూపంలో పోతుంది. ఆపిన ఇంజన్ పక్కన చెయ్యి పెడితే తాకకుండానే చురుక్కుమంటుంది చూడండి, అదే ఆ సెగ. బండి పరుగులో ఉన్నప్పుడు గాలిదే పెత్తనం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సెగ వాటా పెరుగుతుంది.

ఫిన్ను మీద రంగు పొర 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉందనుకుందాం. రంగు వేడిని సరిగ్గా పారనివ్వదు, నిజమే. కానీ ఫిన్నును అంటిపెట్టుకుని ఉండే గాలి పొర అంతకన్నా చాలా పెద్ద అడ్డు. లెక్క కడితే, బండి ఒక మాదిరి వేగంలో ఉన్నప్పుడు గాలి పొర అడ్డులో రంగు అడ్డు నూటికి ఒకటి రెండు వంతులకు మించదు. అదే అర మిల్లీమీటరు మందాన పూస్తే నూటికి పది దాటుతుంది. ఇక మూడు మిల్లీమీటర్ల నూనె మట్టి పేరుకుంటే దాదాపు సగం. ఒంటి మీద పలుచటి పంచెకూ, మడతలేసి కప్పుకున్న దుప్పటికీ ఉన్నంత తేడా అది. రంగుకు భయపడే మనిషి బండి తిప్పి చూస్తే బ్లాక్ అడుగున మట్టి, ఆయిలు కలిసి వేలెడు మందాన పట్టి ఉంటుంది. ముందు దాని సంగతి చూడాలి.

ఎండ వేడి ముందు కూడా పలుచటి రంగు లెక్కలోకి రాదు. ఫిన్ను 180 డిగ్రీల దగ్గర, బయట గాలి 30 దగ్గర ఉంటే తేడా 150. మే నెలలో బెజవాడ వైపు వెళ్తే గాలే 45 ఉంటుంది, అప్పుడు తేడా 135. అంటే చల్లబడే శక్తిలో పదో వంతు అక్కడే పోయింది. రోహిణి కార్తెలో బండి నీరసపడితే రంగును తిట్టుకోకుండా ఆయిల్ లెవెల్, కార్బొరేటర్ సెట్టింగ్, టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయం) చూసుకోండి. పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైనా, టైమింగ్ వెనక్కి జరిగినా ఇంజన్ హీటెక్కే తీరు ఏ రంగుతోనూ పోల్చలేనిది.

నలుపా, సిల్వరా? సెగ విషయంలో మన కంటికి కనిపించే రంగుతో పెద్ద పని లేదు. నలుపైనా, తెలుపైనా, ఆకుపచ్చైనా మామూలు రంగులన్నీ ఇంజన్ సెగను దాదాపు ఒకేలా బయటికి పంపుతాయి. అల్యూమినియం పొడి కలిపిన సిల్వర్ రంగు కొంచెం వెనకబడుతుంది. అద్దంలా బఫింగ్ కొట్టిన అల్యూమినియం ఇంకా వెనకబడుతుంది. కాబట్టి నలుపు వేస్తే సెగ పోవడానికి కాస్త మేలే. ఆ మేలు కూడా కొంచెమే, నలుపు వేశాం కాబట్టి ఇక హీటెక్కదు అనుకోకండి. పాత బండికి సిల్వరే వచ్చింది, అలాగే ఉంచాలి అంటే నిశ్చింతగా సిల్వరే వేసుకోండి.

ఏ రంగు కొనాలి

డబ్బా మీద ఎన్ని డిగ్రీలకు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. బ్లాకుకు, హెడ్డుకు కనీసం 300 డిగ్రీలు రాసి ఉన్నది తీసుకోండి. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు దగ్గర మిగతా చోట్ల కన్నా వేడి చాలా ఎక్కువ కాబట్టి 600 డిగ్రీల సిలికాన్ రంగయితే ఇంకా మంచిది. సైలెన్సర్లకు వాడేది అదే. తలుపులకు, గ్రిల్స్‌కు వేసే ఎనామిల్ వద్దు. అది ముందు వాసన కొడుతుంది, తర్వాత గోధుమరంగుకు తిరిగి బుడగలు లేస్తుంది. బుడగ కింద గాలి చేరితే అక్కడ నిజంగానే వేడి ఆగిపోతుంది.

రెడాక్సైడ్ కింద కొట్టకండి, ఆ వేడికి అది నిలవదు. ఈ హీట్ రంగులు చాలావరకు నేరుగా లోహం మీదే పట్టుకుంటాయి. ప్రైమర్ కావాలని డబ్బా మీద ఉంటే వాళ్లు చెప్పిన హీట్ ప్రైమరే వాడాలి. లప్పం మాటే ఎత్తొద్దు. మెరుపు కోసం పైన లాకర్ కొట్టమని అడిగేవాళ్లుంటారు. ట్యాంకుకు కొట్టే లాకర్ ఇంజన్ మీద పసుపెక్కి పెచ్చులు లేస్తుంది. పౌడర్ కోటింగ్ కూడా బ్లాకుకు నాకు నచ్చదు. ఆ పొర మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, ఫిన్ల అంచుల్లో ఇంకా ఎక్కువ పడుతుంది, సందుల లోపలికి మాత్రం సరిగా చేరదు. సైడ్ కవర్లకైతే చక్కగా పనికొస్తుంది.

బుల్లెట్ బ్లాకుకూ హెడ్డుకూ కలిపి 400 మిల్లీలీటర్ల స్ప్రే డబ్బా ఒకటి సరిపోతుంది. మిగులుతుంది కూడా. రెండో డబ్బా కొన్నారంటే మందంగా కొట్టేయాలనిపిస్తుంది, వద్దు.

కడగడం, గోకడం

పనిలో ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది. ఇంజన్ విప్పి ఉంటే హాయి. ముందు కిరోసిన్, గట్టి బ్రష్షు. ఫిన్ల సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు, లోతుల్లోకి వెదురు పుల్ల. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పోత ఇనుప ఫిన్ను అంచు పుటుక్కున విరుగుతుంది, జాగ్రత్త. పాత రంగుకు పెయింట్ రిమూవర్ జెల్లీ పూసి, అది ఉబ్బాక గోకండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం హెడ్డును కాస్టిక్ సోడాలో ముంచొద్దు. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ రియాక్షన్‌లో అంటుకునే గ్యాస్ వస్తుంది.

శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే ఇనుప బ్లాకు అద్భుతంగా వస్తుంది. కానీ పూర్తిగా విప్పిన బ్లాకుకే చేయించాలి, బోరుకు, అంటే పిస్టన్ ఆడే రంధ్రానికి, రెండు వైపులా చెక్క బిళ్లలు బిగించి. బిగించి ఉన్న ఇంజన్ మీద ఇసుక కొట్టిస్తే ఎక్కడో ఒకచోట లోపలికి దూరుతుంది. ఒక్క గింజ చాలు పిస్టన్‌ను గీకేయడానికి. హెడ్డుకు నేను ఇసుక కొట్టించను. వాల్వు గైడ్లలో, ఆయిల్ దారుల్లో ఇరుక్కున్న ఇసుక ఎన్ని నీళ్లు పోసినా పూర్తిగా రాదు.

కిరోసిన్ జిడ్డు పోవడానికి సబ్బునీళ్లతో కడగాలి. ఇక్కడ బోరు మీద కన్నేసి ఉంచండి. సబ్బునీళ్లు పోసి పక్కన పెట్టి టీ తాగొచ్చేలోపు బోరు గోడ మీద నారింజ రంగు తుప్పు పలుచగా పరుచుకుంటుంది. అందుకని కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, బోరు లోపలంతా ఇంజన్ ఆయిల్ వేలితో రాయండి. ఆ ఆయిల్ బయటి వైపు అంటకూడదు. జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. బయటి గోడ మీద కాసిని నీళ్లు పోయండి. నీళ్లు పొరలా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు, మళ్లీ కడగాలి. చివరగా థిన్నర్ తడిపిన తెల్ల గుడ్డతో తుడిచి, ఇక చేత్తో ముట్టుకోకండి. వేలి జిడ్డు మీద కూడా రంగు పట్టదు. ఇనుము విప్పి శుభ్రం చేశాక అదే రోజు రంగు పడాలి. మా ఊరి తేమలో తెల్లారేసరికి తుప్పు రంగు వచ్చేస్తుంది.

రంగు పడకూడని చోట్లు

హీటింగ్ సమస్య నిజంగా వచ్చేది ఇక్కడి అశ్రద్ధ వల్లే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య గ్యాస్కెట్ కూర్చునే ముఖాలు, బ్లాక్ అడుగున చాంబర్ (ఇంజన్ కింది పెట్టె) మీద కూర్చునే ముఖం, ఇవి శుభ్రమైన లోహంగానే ఉండాలి. మాస్కింగ్ టేప్ అంటించి అంచు వెంబడి కొత్త బ్లేడుతో కోయండి.

హెడ్ నట్లు, వాషర్లు కూర్చునే గుండ్రటి చోట్లను చాలామంది వదిలేస్తారు. నట్టు కింద రంగు ఉంటే బిగించినప్పుడు టార్క్, అంటే బిగింపు బలం, సరిగ్గానే చూపిస్తుంది. ఇంజన్ నాలుగుసార్లు వేడెక్కి చల్లారాక ఆ రంగు నలిగి పక్కకు జరుగుతుంది, నట్టు వదులవుతుంది. గ్యాస్కెట్ దగ్గర గ్యాస్ లీకవుతుంది, హెడ్ కాలిపోతుంది, యజమాని వచ్చి రంగు వల్లే హీటెక్కిందంటాడు. రూపాయి బిళ్లంత టేప్ ముక్కతో తప్పే గొడవ ఇది. రంగు వేశాక బండి కొంత తిరిగిన తర్వాత, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు హెడ్ నట్లు మళ్లీ ఒకసారి టార్క్ చూడండి. ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, కూడా చూడండి.

ప్లగ్గు కూర్చునే చోట పాత ప్లగ్గు బిగించి ఉంచండి, మరలు శుభ్రంగా ఉంటాయి. ఎర్త్ వైరు బిగించే చోట రంగు పడితే కరెంటు తంటాలు మొదలవుతాయి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ దారుల్లో గుడ్డ కుక్కండి, అది ఎర్రదో పసుపుదో అయితే తీయడం మర్చిపోరు. ఇంజన్ లోపలి గాలి బయటికి వదిలే బ్రీదర్ రంధ్రం మూయండి, పని అయ్యాక తెరవండి. కొన్ని బండ్లలో ఫిన్ల మధ్య మోత రాకుండా చిన్న రబ్బరు ముక్కలు ఉంటాయి. అవి ఊడదీసి రంగు ఆరాక మళ్లీ పెట్టాలి.

ఇంజన్ దించకుండా వేయాలనుకునేవాళ్లు ట్యాంకు తప్పకుండా ఊడదీయండి. అందం కోసం కాదు, పెట్రోలు ఆవిరి, స్ప్రే ఆవిరి ఒకచోట ఉండకూడదు. మిగతాదంతా పాత పేపరు, అల్యూమినియం ఫాయిలు చుట్టుకోవచ్చు. వేడిగా ఉన్న ఇంజన్ మీద ఎప్పుడూ స్ప్రే కొట్టొద్దు, అంటుకుంటుంది.

స్ప్రే కొట్టే తీరు

లోహం గోరువెచ్చగా ఉంటే రంగు జారకుండా పట్టుకుంటుంది. అలా వెచ్చబెట్టడానికి మనకు పొయ్యి అక్కర్లేదు. ఎండాకాలం పొద్దున్న బ్లాకును డాబా మీద పెట్టి, మధ్యాహ్నం లోపు నీడలోకి తెచ్చుకోవడమే. చేత్తో హాయిగా పట్టుకోగలిగేంత వెచ్చదనం చాలు. ముసురు పట్టిన రోజు, గోడలు చెమటలు పట్టే ఉక్కపోత రోజు ఈ పని పెట్టుకోకండి. రంగు పాలిపోయి తెల్లటి మసక వస్తుంది.

డబ్బా బాగా కుదపండి. లోపలి గోళీ మోగడం మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు కుదపాలి. ముందు ఫిన్ల మధ్య లోతులు, తర్వాతే పైకి కనిపించే అంచులు. అంచుల మీద ముందు కొట్టామంటే లోతుల కోసం కొట్టిన ప్రతిసారీ అంచుల మీద ఇంకో పొర పడుతుంది, మందం పెరిగేది అక్కడే. బ్లాకును నిలబెట్టి, కుడి నుంచి ఏటవాలుగా ఒకసారి, ఎడమ నుంచి ఏటవాలుగా ఒకసారి సందుల్లోకి పొగలా వదలండి. జానెడుకు కాస్త ఎక్కువ దూరం ఉండాలి. చెయ్యి కదులుతూనే ఉండాలి, ఒకచోట ఆగకూడదు. మొదటి కోటింగ్ అయ్యాక కింద లోహం అక్కడక్కడా కనిపిస్తూనే ఉండాలి, అది మంచిదే. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది కొట్టండి, అవసరమైతే మూడోది. కోటింగుకూ కోటింగుకూ మధ్య ఎంత ఆగాలో డబ్బా మీద వేరేగా ఉంటే దాన్నే పాటించండి. ఫిన్ను బ్లాకును అంటుకునే మొదలు దగ్గర, ఎవరూ చూడని చోట లోహం కాస్త మసకగా కనిపించినా పర్వాలేదు, అక్కడ రంగు నిలిచిపోవడమే అసలు సమస్య. సందులోకి టార్చి వేసి చూడండి. అడుగున తడిగా మెరుస్తూ రంగు చేరి ఉంటే పలుచటి బ్రష్షు కొసతో అద్ది తీసేయండి.

మందం ఎంత పడిందో డిజిటల్ వెర్నియర్‌తో (సన్నటి మందాలు కొలిచే పనిముట్టు) తేల్చుకోవచ్చు. రంగుకు ముందు ఒక ఫిన్ను మందం కొలిచి రాసుకోండి, ఆరాక అదే చోట మళ్లీ కొలవండి. రెండు వైపులా కలిపి 0.10 మిల్లీమీటరు పెరిగితే ఒక్కో వైపు 50 మైక్రాన్లు పడినట్టు. 0.20 దాటితే గోకి మళ్లీ వేయడమే.

కాల్చడం

ఈ రంగులు గాలికి ఆరినట్టు కనిపిస్తాయి గానీ వేడి తగిలితేనే గట్టిపడతాయి. అంతవరకు గోరు తగిలినా, పెట్రోలు చుక్క పడినా లేచిపోతాయి. విప్పిన భాగాలకు నాకు తెలిసిన మంచి ఉపాయం, దగ్గర్లోని పౌడర్ కోటింగ్ షాపు. వాళ్ల ఓవెన్ మామూలుగా 180, 200 డిగ్రీల మధ్య నడుస్తుంది. వాళ్ల సరుకు అయ్యాక మన బ్లాకు, హెడ్డు లోపల పెట్టి కాల్చి ఇమ్మంటే తక్కువ డబ్బుతో చేస్తారు. ఎంతసేపన్నది డబ్బా మీద ఉన్నట్టు చెప్పండి. ఆయిల్ సీళ్లు, రబ్బర్లు ఉన్నవేవీ అందులో పెట్టొద్దు. బోరులో రాసిన ఆయిల్ తుడిచి ఇవ్వండి, కాలి వచ్చాక మళ్లీ రాయండి. ఇంట్లో వంట చేసే ఓవెన్ మాత్రం వాడకండి.

ఓవెన్ దొరక్కపోతే బండి మీదే కాల్చుకోవచ్చు. రంగు వేసిన రోజు వదిలేసి మర్నాడు స్టార్ట్ చేయండి. ముందు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టి ఐదు నిమిషాలు ఐడిల్, తర్వాత పూర్తిగా చల్లారనివ్వండి. మళ్లీ పది నిమిషాలు, మళ్లీ చల్లార్చండి. మూడోసారి రోడ్డెక్కండి. మేమైతే మంగినపూడి బీచ్ దాకా 40, 50 వేగంతో వెళ్లి, అక్కడ ఆపి, చల్లారాక వెనక్కి వస్తాం. మొదటిసారి పొగ, ఘాటు వాసన వస్తాయి. టెన్షన్ పడక్కర్లేదు, రంగు కాలుతున్న వాసనే అది. ఫ్యాన్ లేకుండా స్టాండు మీద అరగంట ఐడిల్‌లో వదిలేస్తే మాత్రం రంగు సంగతి దేవుడెరుగు, ఇంజనే దెబ్బతింటుంది.

థర్మామీటర్ గన్ చూసి కంగారు పడకండి

ఇప్పుడు చాలామంది దగ్గర ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటోంది. రంగుకు ముందు మెరిసే అల్యూమినియం హెడ్డు మీద కొడతారు, తక్కువ చూపిస్తుంది. నలుపు వేశాక అక్కడే కొడతారు, బాగా ఎక్కువ చూపిస్తుంది. ఇంకేముంది, రంగు వల్ల హీటెక్కిందని ఫోన్లు. గన్ కొలిచేది సెగను. మెరిసే లోహం ఎంత వేడిగా ఉన్నా సెగ తక్కువ వదులుతుంది కాబట్టి గన్ తక్కువ చెప్తుంది. రంగు పడ్డాక సెగ బాగా వస్తుంది, గన్ నిజానికి దగ్గరగా చెప్తుంది. ఇంజన్ వేడి మారలేదు, మారింది గన్ లెక్క.

నిజంగా పోల్చి చూసుకోవాలంటే రంగు పని మొదలుపెట్టే ముందే హెడ్డు మీద రూపాయి బిళ్లంత మేర అదే హీట్ రంగు కొట్టి, బండి తిప్పి, ఆ మచ్చ మీదే గన్ పెట్టి కొలవండి. మొత్తం రంగయ్యాక అదే చోట, అదే దారిలో, అదే వేళకు మళ్లీ కొలవండి. ప్లగ్గు వాషర్ స్థానంలో బిగించే, తాకి వేడి కొలిచే థర్మోకపుల్ రింగు ఉంటే ఇంకా నమ్మకం. ప్లగ్గు కూడా విప్పి చూడండి. లేత కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే కార్బొరేటర్ చూపించాలి.

చేపల బండ్ల గురించి ఒక మాట. గిలకలదిండి హార్బర్ నుంచి ఐసు పెట్టెలతో తిరిగే ఎక్సెల్‌లు, స్ప్లెండర్లు మా దగ్గరికి బాగా వస్తాయి. కరిగిన ఐసులో ఉప్పు కలిసి వెనకనుంచి బ్లాకు మీద చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంటుంది. అల్యూమినియం ఫిన్ల సందుల్లో తెల్లటి పొడి గట్టిపడి సిమెంటులా అయిపోతుంది. ఈ బండ్లకు రంగు కన్నా ముందు పెట్టె కింద ఒక రేకు బిగించి నీళ్లు పక్కకు పోయేలా చూసుకోవాలి. ఇంటికి రాగానే కాకుండా, ఇంజన్ పూర్తిగా చల్లారాక మంచినీళ్లతో ఫిన్లు కడగాలి. వేడి బ్లాకు మీద చన్నీళ్లు కొడితే పగుళ్లు రావచ్చు. రాయి తగిలి రంగు లేచిన చోట ఆ ముక్క వరకే ఎమెరీ పేపరుతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, చుట్టూ టేప్ వేసి ఒక్క పొర కొట్టండి. మిగతా బ్లాకు మీద ఇంకో కోటింగ్ వేయొద్దు.